మూడు పాయల రొట్టె

ఖమరుద్దీన్ అజైబాలోని ఆ విల్లా ముందు కారు ఆపేసరికి ఒంటిగంటా నలభై ఎనిమిది. నాలుగింటికి పనిమనిషి మీద పోలీసు ఫిర్యాదు పెడతారని ఆఫీసువాళ్ళు ఫోన్లో చెప్పారు. అంటే చేతిలో రెండు గంటల పన్నెండు నిమిషాలున్నాయి. ఇరవై రెండేళ్ళుగా మస్కట్‌లో ఇన్సూరెన్స్ కంపెనీల తరఫున దొంగతనాలూ అగ్నిప్రమాదాలూ తవ్వితీస్తున్న మనిషికి అది తక్కువ టైమేమీ కాదు. పైగా ఇంట్లో ఖతీజా వండిన ఖట్టీ దాలూ, ఖీమా కడుపారా తిని వచ్చాడు. కడుపు నిండిన ఖమరుద్దీన్‌కి లోకంలో ఎవరిమీదా కోపం రాదు. దొంగలకు అసలు ప్రమాదం అక్కడే ఉంది. ఆయన నవ్వుతూ వింటూ కూచుంటాడు, వాళ్ళు మాట్లాడుతూ పోతారు.

గేటు లోపల దేవదాసు ఎదురొచ్చాడు. విల్లాలకు కాపలావాళ్ళను పెట్టే ఒక సెక్యూరిటీ కంపెనీలో సూపర్‌వైజరు. అమలాపురం మనిషి. మీసం మీద ఉన్న శ్రద్ధ కేసు మీద ఉండదని ఖమరుద్దీన్ అభిప్రాయం. ఇన్సూరెన్సు వాళ్ళు దూరితే ప్రతి పనీ ఆలస్యమేనని దేవదాసు అభిప్రాయం. ఇద్దరూ ఎదురుపడటం ఇది నాలుగోసారి.

"ఆయ్, ఇంత ఎండలో మీరెందుకు వచ్చారండీ ఖమరుద్దీన్ గారూ! కేసు అయిపోయిందండి. పనిమనిషే తీసింది."

"ఒప్పుకుందా?"

"లేదండి. నోరే విప్పట్లేదు. అందుకే కదండీ అనుమానం!"

"ఒప్పుకుంటే దొంగ, ఒప్పుకోకపోతే గజదొంగ. బాగుందయ్యా నీ పద్ధతి. పద, చూపించు."

పోయింది ఒక గంట. ఆవు మెడలో కట్టేది. వింటే తేలిగ్గా ఉంటుంది గానీ, బరువు పదకొండు కిలోలు. ఇంటావిడ వెరెనాకు డెబ్బై ఒక్క ఏళ్ళు. స్విట్జర్లాండులో ఎమ్మెంటాల్ అనే లోయలో పుట్టింది. భర్త పశువుల డాక్టరు, సహం అనే ఊరి దగ్గర పాడి ఫారంలో ముప్పై ఏళ్ళు పనిచేసి ఇక్కడే కన్నుమూశాడు. ఆ గంట వెరెనా తాతది. ఎండాకాలం రాగానే మందను కొండమీది మేతకు తోలుకెళ్ళేటప్పుడు అన్నిటికంటే ముందు నడిచే ఆవు మెడలో అదే ఉండేదట. కంచు మీద తాత పేరూ 1911 అనే అంకెలూ పోతపోసి ఉన్నాయి. వెడల్పాటి తోలు పట్టీ మీద రంగుదారాలతో పూలు కుట్టి ఉన్నాయి. వచ్చే గురువారం దాన్ని భర్త గుర్తుగా సహం ఫారంలో కట్టాలని ఆవిడ ఏర్పాట్లు చేసుకుంది.

శనివారం మధ్యాహ్నం మూడింటికి గంట వరండాలోనే ఉంది. తోటి స్విస్ ఆడవాళ్ళతో కలిసి పాటల ప్రాక్టీసుకని వెరెనా డ్రైవరును తీసుకుని ఖుర్మ్ వెళ్ళింది. ఆరింటికి తిరిగొచ్చి చూస్తే వట్టి కొక్కెం మిగిలింది. ఆ మూడు గంటలూ ఇంట్లో ఉన్నది ఇద్దరు. ఒకరు పనిమనిషి మల్లీశ్వరి. రెండోవాడు రెటో. వెరెనా అన్నకొడుకు, ముప్పై ఆరేళ్ళవాడు, రెండు వారాల కింద చుట్టపుచూపుగా వచ్చాడు. గేటు దగ్గర దేవదాసు మనిషి కదలకుండా ఉన్నాడు. రిజిస్టరు ప్రకారం శనివారం నుంచి ఇంట్లోంచి సామాను ఏదీ బయటికి పోలేదు.

వరండాలో ఖమరుద్దీన్ స్టూలు తెప్పించుకుని ఎక్కాడు. దూలానికి బిగించిన కొక్కెం, గంట పట్టీ జారకుండా దానికి బిగించే నట్టు, నట్టు కింద వాషరు. అన్నీ ఉన్నాయి. వేలితో తిప్పి చూశాడు. గట్టిగా ఉంది.

"దేవదాసూ, ఈ నట్టు నువ్వు బిగించావా?"

"నేనెందుకు బిగిస్తానండీ? మేం ఏదీ ముట్టుకోలేదు."

"మరి దొంగ గంట దించుకుని, మళ్ళీ స్టూలెక్కి, వాషరు వేసి, నట్టు బిగించి పోయాడా? ఎంత మర్యాదస్తుడయ్యా!"

దేవదాసు మీసం సవరించుకున్నాడు. "పనిమనిషి కదండీ, సర్దిపెట్టే అలవాటు. గంటని గోడ అవతల ఎవడికో అందించేసి ఉంటది."

"మల్లీశ్వరి ఎంత పొడుగు?"

"మీ భుజం దాకా ఉంటదేమోనండి."

"గోడ రెండు మీటర్లు, గంట పదకొండు కిలోలు. మీ కాపలావాడి చెవిన పడకుండా అందించింది. భలే. ఎవరెవరి గదులు వెతికారు?"

"పనిమనిషి గది మూడుసార్లండి. స్టోరు, కిచెను, గార్డెను ఒకసారి."

"ఆ రెటో గది?"

"అయ్య బాబోయ్, మేడం గారి మేనల్లుడండీ! తెల్లోళ్ళ సామాను ముట్టుకుంటే నా కాంట్రాక్టు ఊడిపోద్ది."

ఖమరుద్దీన్ స్టూలు దిగాడు. టైము రెండూ పది.

మల్లీశ్వరి గది వంటింటి వెనకాల ఉంది. పెట్టె బోర్లించి ఉంది. చీరలు, నైటీలు, లోపలి బట్టలు అన్నీ మంచం మీద కుప్పగా పడి ఉన్నాయి. ఆమె వాటివైపు చూడకుండా నేలమీద కూచుని ఉంది. ముప్పై నాలుగేళ్ళుంటాయి. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బాయి గానీ, ఇప్పుడు ఏడవటం లేదు.

"ఏ ఊరమ్మా మీది?" అన్నాడు ఖమరుద్దీన్ గడప బయటే నిలబడి.

"ముద్దనూరు పక్కన సార్."

"మాది జమ్మలమడుగు."

ఆమె తలెత్తి చూసింది. ఆ రెండు ఊళ్ళ మధ్య దూరం ఎంతో ఇద్దరికీ తెలుసు. "సూడన్నా," అంది, సార్ ఎప్పుడు అన్న అయ్యాడో ఆమెకే తెలీదు. "మూడు తూర్లు ఎతికినారు. మొగోళ్ళు నా గుడ్డలన్నీ ఎత్తి ఎత్తి సూసినారు. నాలుగేండ్లాయ ఈ ఇంట్లో. ఒక్క సెంచా పోల్యా."

"నాలుగుకి నిన్ను తీసకపోతారంట. శనివారం మూడు నుంచి ఆరు దాకా యాడుంటివో చెప్పు, నేను చూసుకుంటా."

"ఇంట్లోనే ఉంటి."

"ఇంట్లో యాడ?"

మల్లీశ్వరి కొంగు అంచు చుట్టుకోవటం మొదలుపెట్టింది.

"ఎవరికన్నా మాటిచ్చినావా?"

చేతులు ఆగిపోయాయి. "మాటిచ్చినాక మాటే గదన్నా," అంది. "ఆయప్ప ఆయమ్మకి చెప్పద్దన్నాడు. సంతోషపెట్టేదానికంట. దీనికీ దానికీ ఏం సంబంధం ల్యా. నన్నడగొద్దు."

ఖమరుద్దీన్‌కి విసుగు, జాలి, ముచ్చట మూడూ ఒకేసారి కలిగాయి. జైలు గుమ్మం ముందు నిలబడి కూడా ఎవరికో ఇచ్చిన చిన్న మాటను కొంగున కట్టుకుని కూచున్న పిచ్చితల్లి. ఆయప్ప ఎవరో చెప్పనక్కర్లేదు. ఆ ఇంట్లో ఉన్న ఆయప్ప ఒక్కడే.

ఆ ఒక్కడూ వంటింటి బల్ల దగ్గర కాఫీ తాగుతున్నాడు. ఆరడుగుల మనిషి, నీలికళ్ళు, మొహంలో మంచితనమే కనిపిస్తోంది. ఎదురుగా చెక్కపలక మీద సగం రొట్టె, వెన్న, తేనె ఉన్నాయి. ఇంగ్లీషులోనే పలకరించి కుర్చీ చూపించాడు. వెరెనా కిటికీ దగ్గర చేతులు ఒళ్ళో పెట్టుకుని కూచుని ఉంది. దేవదాసు తలుపు దగ్గర నిలబడ్డాడు.

"శనివారం మీరెక్కడున్నారు?"

"ఇక్కడే, వంటింట్లో. శనివారం కదా, రొట్టె చేశాను. మా ఊళ్ళో ప్రతి ఇంట్లో శనివారం ట్సోఫ్ చేస్తారు. జడలా అల్లి కాల్చే రొట్టె. ఆదివారం పొద్దున తినడానికి. అత్తకి ఒకరోజు శ్రమ తప్పిద్దామని నేను చేశాను."

"ఎన్నింటికి మొదలుపెట్టారు?"

"మూడుంపావుకి. పిండి పిసికేసరికి మూడున్నర. గంటన్నర పొంగాలి. ఐదింటికి అల్లాను. ఇంకాస్త పొంగనిచ్చి ఓవెన్లో పెట్టాను. ఆరింటికి అత్త వచ్చేసరికి తీస్తున్నాను."

"ఆ మూడు గంటల్లో మల్లీశ్వరి వంటింట్లోకి వచ్చిందా?"

రెటో కాఫీ కప్పులోకి చూశాడు. "లేదు. నేనొక్కణ్ణే ఉన్నాను."

"మీ ప్రయాణం ఎప్పుడు?"

"ఈ రాత్రి ఎనిమిదింటికి ఫ్లైటు."

ఖమరుద్దీన్ తల ఊపి రొట్టె ముక్క ఒకటి అడిగి తీసుకున్నాడు. రెండు రోజులైనా మెత్తగా, పాలవాసనతో ఉంది. మనసు హాయిగా అనిపించింది. నములుతూ మిగతా సగాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. అంతే, నమలటం ఆగిపోయింది.

ఖమరుద్దీన్‌కి ముగ్గురు ఆడపిల్లలు. ఖతీజాకి ఆస్పత్రిలో పొద్దుటి డ్యూటీ. పదకొండేళ్ళపాటు రోజూ స్కూలు బస్సు వచ్చేలోపు మూడు తలలకు ఆరు జడలు వేసిన తండ్రి ఆయన. జడ విషయంలో ఆయన కంటిని మోసం చేయటం అల్లా తరమే గానీ మనుషుల తరం కాదు. రొట్టె మొదట్లో మూడు కొసలు కలిపి బొటనవేలితో నొక్కిన గుర్తు ఉంది. అక్కడినుంచి మూడు పాయలు. కుడి పాయ మధ్యకి, ఎడమ పాయ మధ్యకి. అచ్చం కడపజిల్లా జడ.

"చాలా బాగుంది," అన్నాడు నోరారా. "మా ఆవిడకి నేర్పాలి. రెటో గారూ, ఎలా అల్లుతారో ఒక్కసారి చూపిస్తారా? మామూలు చపాతీ పిండి చాలు."

దేవదాసు ఇక ఆగలేకపోయాడు. "ఏంటండీ బాబూ! రెండూ ముప్పై ఐదైంది. ఇక్కడ వంటల ప్రోగ్రామా?"

"ఐదు నిమిషాలయ్యా. అమ్మా మల్లీశ్వరీ, కొంచెం పిండి కలుపు!"

మల్లీశ్వరి వచ్చి ఎవరి మొహమూ చూడకుండా పిండి కలిపింది. రెటో చేతులు కడుక్కుని ఉత్సాహంగా బల్లముందు నిలబడ్డాడు. మేనత్త చూస్తోంది కదా, ముచ్చట పడ్డాడు పాపం. పిండిని రెండు పొడుగాటి తాళ్ళుగా చేశాడు. ఒకదాన్ని నిలువుగా, రెండోదాన్ని దానిమీద అడ్డంగా పరిచాడు. ఇక నాలుగు కొసలను ఇటుది అటు, అటుది ఇటు దాటిస్తూ చకచకా అల్లేశాడు. ఎత్తుగా, గుండ్రటి తలతో ముద్దొచ్చే రొట్టె తయారైంది.

"చిన్నప్పుడు ఎవరు నేర్పారు?"

"అత్తే!" అన్నాడు రెటో నవ్వుతూ. "ఆరేళ్ళప్పుడు. ఎమ్మెంటాల్‌లో అందరం ఇలాగే అల్లుతాం. రెండు తాళ్ళు, నాలుగు కొసలు. కళ్ళు మూసుకుని చేయగలను."

"అదే నేనూ అనుకుంటున్నాను. ఇప్పుడు నువ్వొకటి అల్లమ్మా."

మల్లీశ్వరి మిగిలిన పిండిని మూడు పాయలు చేసింది. పైన మూడు కొసలూ కలిపి బొటనవేలితో నొక్కింది. నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు. ఖమరుద్దీన్ ఆ సగం రొట్టెను తెచ్చి రెండింటి మధ్యలో పెట్టాడు.

రెటో ముందు నవ్వుతూనే చూశాడు. తర్వాత నవ్వు పోయింది. మెడ దగ్గర మొదలైన ఎరుపు చెవుల దాకా పాకింది.

"పిండి కలపటం నా పనేన్నా పతి శనివారం," అంది మల్లీశ్వరి, ఇక దాచి లాభం లేదని. "జడ మాత్రం ఆయమ్మే అల్లుతాది, నన్ను ముట్టనీదు. ఆ పొద్దు ఈయప్ప, నువ్వే చేసేయ్, నేను చేసినానని చెప్తా, అత్త సంతోషపడతాది, చెప్పద్దు అన్నాడు. జడంటే నాకి తెల్సిన జడే ఏస్తి."

"ఆగండాగండి!" దేవదాసు ముందుకొచ్చాడు. "రొట్టె ఈవిడే చేసిందనుకుందాం. పిండి దానంతటదే పొంగుద్ది కదండీ? మూడున్నర నుంచి ఐదు దాకా గంటన్నర ఖాళీ. ఆ టైములో గంట తియ్యకూడదని రూలేమన్నా ఉందా?"

ఖమరుద్దీన్ మనసులోనే మెచ్చుకున్నాడు. మీసం వెనకాల బుర్ర లేకపోలేదు. "మంచి ప్రశ్న అడిగావు. కానీ ఆవిడకి గంటన్నరే ఖాళీ. రొట్టె ముట్టుకోని మనిషికి మూడు గంటలూ ఖాళీయే. ఆవిడ మాటిచ్చి నోరు మూసుకుంది. ఈయన వంటింట్లో నేనొక్కణ్ణే ఉన్నానని మనందరి ముందూ చెప్పాడు. అబద్ధం ఎవరికి అవసరమైందో వాళ్ళ పెట్టె ఎందుకు తెరవవు? గంట గేటు దాటలేదని నీ రిజిస్టరే చెబుతోంది. ఇంట్లో నువ్వు వెతకని చోటు ఒక్కటే మిగిలింది."

ఖమరుద్దీన్ అదంతా ఇంగ్లీషులో మళ్ళీ చెప్పాడు. దేవదాసు మేడం వైపు చూశాడు. వెరెనా కళ్ళు దించుకునే మెల్లగా తల ఊపింది.

సూటుకేసు తేవటానికి దేవదాసు వెళ్ళనక్కర్లేకపోయింది. రెటోయే లేచి వెళ్ళి తెచ్చి, బల్ల పక్కన పెట్టి, తాళం తీశాడు. ఉన్ని స్వెట్టర్ల మధ్య గంట ఉంది. లోపలి నాలుకకు మూడు జతల మేజోళ్ళు చుట్టి, పైన దారంతో కట్టి ఉంది. పూల పట్టీ చక్కగా మడిచి పెట్టి ఉంది.

"ఇది మా ముత్తాత గంట," అన్నాడు రెటో. "నాన్న చిన్నప్పుడు ఆ చప్పుడు వింటే మంద కొండెక్కుతోందని లోయంతా వాకిళ్ళలోకి వచ్చేవాళ్ళట. మా కొట్టంలో దూలానికి దాని కొక్కెం ఇంకా అలాగే ఉంది. అత్త దాన్ని ఈ దేశంలో, ఎడారి పక్కన ఫారంలో కట్టేస్తానంది. ఎన్నిసార్లు అడిగినా వినలేదు. అమ్ముకుందామని కాదు సార్. ఇంటికి తీసుకెళదామనుకున్నాను."

"మరి ఈ పిల్ల సంగతి?"

"ఈమె మీదికి వస్తుందని అనుకోలేదు. వచ్చాక... ఎనిమిదింటికి వెళ్ళిపోతే ఏ ఆధారమూ దొరక్క వదిలేస్తారులే అనుకున్నాను."

"వదిలేస్తారా!" ఖమరుద్దీన్‌కి ఆ పూట మొదటిసారి కోపం వచ్చింది. "కేసు తేలేదాకా లోపలే ఉంచుతారయ్యా. పనిచేసే ఇంట్లోనే దొంగ అని పేరు పడ్డాక గల్ఫులో ఏ ఇల్లు రానిస్తుంది?"

రెటో మల్లీశ్వరి ముందు నిలబడి సారీ చెప్పాడు. రెండుసార్లు చెప్పాడు. ఆమె వినిపించుకున్నట్టు లేదు.

టైము మూడూ ఐదు. కేసు తేలిపోయినట్టే. ఫైలు మూసి టీ తాగొచ్చు. కానీ ఖమరుద్దీన్ లేవలేదు. రొట్టె వాసన ముక్కులో ఉండగానే ఇంకో విషయం మనసును తొలిచేస్తోంది. కిటికీ దగ్గరికి కుర్చీ జరుపుకున్నాడు.

"మేడం, మీరు ఎన్నేళ్ళుగా ఈ రొట్టె అల్లుతున్నారు?"

"అరవై ఏళ్ళకు పైనే," అంది వెరెనా.

"ఆదివారం పొద్దున ఈ రొట్టెను కోసింది ఎవరు?"

ఆవిడ చేతులు ఒళ్ళో ఒకదాన్నొకటి పట్టుకున్నాయి.

"నేనే. చాకు పెట్టకముందే తెలిసింది. ఈ చేతులకి తెలియకుండా ఎలా ఉంటుంది? రెటో అల్లలేదు, మల్లి అల్లింది. అంటే రెటో అబద్ధమాడాడు. అంటే గంట ఎవరి దగ్గరుందో తెలిసిపోయింది." ఆవిడ కళ్ళు తుడుచుకోలేదు. "మా అన్నకి ఉన్నది వీడొక్కడే. నా నోటితో చెప్పలేకపోయాను. మీ కంపెనీకి ఫోన్ చేసి, తెలివైన మనిషిని పంపమన్నాను. నేను చెప్పలేనిది ఎవరైనా కనిపెడితే బాగుండునని."

మల్లీశ్వరికి ఇంగ్లీషు మాట్లాడటం రాదుగానీ నాలుగేళ్ళలో ఆవిడ చెప్పేది అర్థం చేసుకోవటం వచ్చింది. మెల్లగా వచ్చి బల్ల పట్టుకుని నిలబడింది.

"నా గుడ్డలు తిరగేస్తాంటే ఆయమ్మ ఈ కుర్చీలోనే కూచోని ఉండె," అంది. గొంతు పెద్దది చేయలేదు. "అన్నా, ఒక్క మాట అడుగు. నాలుగు గంటలకి నన్ను పోలీసోళ్ళు తీసకపోతాంటే, అప్పుడన్నా నోరు తెరిచుండునా అని అడుగు."

ఖమరుద్దీన్ అడిగాడు. పొల్లు పోకుండా ఇంగ్లీషులో అడిగాడు.

వెరెనా మల్లీశ్వరి కళ్ళలోకి సూటిగా చూసింది. రెండు రోజుల తర్వాత అలా చూడటం అదే మొదలు. "తెరిచేదాన్ననే అనుకుంటున్నాను. కానీ నిజంగా తెలియదు మల్లీ. నాకు తెలియదు."

మల్లీశ్వరి ముక్కు ఎగబీల్చి, ఉన్నట్టుండి ఏడుస్తూనే నవ్వింది. "సూస్తివా అన్నా! ఖచ్చితంగా చెప్పుందును అనుంటే, ఈ పొద్దే పెట్టె సర్దుకోని పోయుందును. అబద్ధం చెప్పల్యా ముసల్ది. ఇంగ నా మాట చెప్పు ఆమెకి. ఈయప్ప ఫ్లైటు ఎక్కేది ల్యా. గురువారం సహంలో ఆ గంట ఈయప్పే తన చేత్తో కట్టి పోవాల. నేనూ వస్తా, సూస్తా. ఇంగోటి. నా రూముకి తాళం కావాల. చెవి నా దగ్గరే ఉండాల. నేను తీయంది ఎవుడూ లోపలికి రాగూడదు, వీసా ఇచ్చిన కఫీలైనా సరే."

ఖమరుద్దీన్ ఒక్కో మాటా అనువదించాడు. రెటో తల వంచుకుని ఫోన్ తీసి టికెట్ మార్చుకోవటం మొదలుపెట్టాడు. వెరెనా ఒక్కో మాటకీ అవునంటూ తల ఊపింది. చివరి మాటకి మాత్రం లేచి నిలబడి, పర్సులోంచి నోటు తీసి, తలుపు దగ్గరున్న మనిషి చేతిలో పెట్టింది.

"మంచి తాళం," అంది. "ఇప్పుడే."

నాలుగు కొట్టకముందే దేవదాసు తాళం కొనుక్కురావటానికి బజారుకి బయల్దేరాడు.